సిమెంటు బెంచీ విమోచన మహాసంగ్రామం

ఓ నిరీక్షణ సంగీతమా! జిల్లా సేవాకేంద్ర దూరవాణీ గర్భకుహర నివాసినీ! ఒకే మూడు స్వరాలను యుగయుగాలుగా తిప్పి తిప్పి వాయించే కర్ణకఠోర కళానిధీ! "మీ కాల్ మాకెంతో విలువైనది" అని తేనెలొలుక పలికి, ఆ విలువెంతో ఏనాడూ చెప్పని మృదుభాషిణీ! ముందుగా నీకే నమస్కారం. నువ్వు కరుణించి ఒక్క క్షణం ఆగితే, ఈ కథ చెప్పుకుంటాను.

అది లోకభీకర మహమ్మారి మహారాక్షసి మూడోసారి లేచి, మూడోసారి కాస్త నడుం వాల్చిన కాలం. మనుషుల ముఖవస్త్రాలు గడ్డాల కిందికి జారి, గడ్డాలకు మాత్రం ఏ రోగమూ అంటకుండా అహోరాత్రాలు కాపాడుతున్న కాలం. జిల్లా సమాచార విభాగమనే సర్వజ్ఞ పీఠం ప్రతి ఉదయం ప్రతి ఫోనుకూ ఒక శుభసందేశం పంపుతున్న కాలం. "తరచుగా చేతులు కడుక్కోండి" అన్న సందేశమూ, "పైపుల మరమ్మతు వల్ల నేడు నీళ్ళు రావు" అన్న సందేశమూ ఒకే చేత్తో, ఒకే నిమిషంలో పంపగలిగిన ఆ పీఠం సామర్థ్యాన్ని పొగడటానికి నా దగ్గరున్న మాటలు చాలవు.

ఆ కాలంలో, ఒక పట్టణంలో, ఒక వీధి మలుపులో, పార్కు గోడకు బయట ఆనుకుని ఒక సిమెంటు బెంచీ ఉండేది. దాని కుడి కొస తాళాల మేస్త్రిగారి అత్తగారిది. ఎడమ కొస ఎదురింటి పంతులమ్మగారిది. రిజిస్ట్రేషను లేదు కానీ, వీధిలో ఎవరికీ సందేహం లేదు. ఏళ్ళ తరబడి రోజూ పొద్దున్నే ఆ ఇద్దరు వృద్ధ వీరనారీమణులు అక్కడ ఆసీనులై, మోకాళ్ళ నొప్పి మొదలుకొని ప్రపంచ రాజకీయాల దాకా సమస్త విషయాలనూ పరిష్కరించి, ఎండెక్కేవేళకు లేచి ఇళ్ళకు వెళ్ళేవారు. మర్నాటికి ఆ సమస్యలన్నీ మళ్ళీ మొలిచేవి. అది వాళ్ళ తప్పు కాదు.

మహమ్మారి రాగానే ఆరోగ్య విభాగపు చతురంగ బలం ఒకటి తరలివచ్చి, ఆ బెంచీని పసుపు రిబ్బనుతో ఆపాదమస్తకం చుట్టి, కొసన ఒక భయంకరమైన ముడి వేసి వెళ్ళింది. ఆ రిబ్బను మీద మీటరుకొకసారి "కూర్చోరాదు, తొలగించిన శిక్షార్హులు" అని అచ్చు వేసి ఉంది.

ఇక్కడ కాసేపు ఆడంబరం పక్కన పెట్టి ఒక మాట చెప్పాలి. ఆ మహమ్మారిలోనే పంతులమ్మగారి భర్త, ఊళ్ళో సగం మందికి లెక్కలు చెప్పిన మాష్టారు, పోయారు. అత్తగారికి ఆ సంగతి కిటికీలోంచే తెలిసింది. వెళ్ళి పక్కన కూర్చుందామంటే ఒకరింటికి ఒకరు పోరాదని ఆజ్ఞ. ఫోను చేద్దామంటే పంతులమ్మగారికి ఒక చెవి పని చెయ్యదు, రెండోదానికి ఫోను పెడితే గుయ్యిమంటుంది. బయట, రెండు మీటర్ల దూరంలో కూర్చోవచ్చని ఆజ్ఞ ఉంది. కానీ కూర్చోవడానికి ఉన్నది ఆ బెంచీ ఒక్కటే. నిలబడి మాట్లాడదామంటే అత్తగారి మోకాళ్ళు ఒప్పుకోవు. అందుకని ఆవిడ కిటికీ దగ్గర, ఈవిడ కిటికీ దగ్గర. మధ్యలో రోడ్డు.

జిల్లావారు ఇలాంటి వాళ్ళను మరచిపోయారనుకునేరు! "ఆత్మీయ పలకరింపు" అని ఒక సేవ పెట్టారు. వారానికోసారి ఒక యంత్రకంఠం వృద్ధులకు ఫోను చేసి, "ఎలా ఉన్నారు? బాగుంటే ఒకటి నొక్కండి, ఒంటరిగా ఉంటే రెండు నొక్కండి" అంటుంది. అత్తగారు ఒకసారి రెండు నొక్కింది. "ధన్యవాదాలు, మీ ఒంటరితనం నమోదైంది" అంది ఆ కంఠం.

ఇలా ఉండగా ఒకనాటి ప్రభాతవేళ శుభసందేశం మోగింది: "జిల్లాలోని పార్కులన్నీ నేటి నుంచి ప్రజలకు తెరవబడినవి." అత్తగారు చదివించుకుని, ఉతికిన చీర కట్టుకుని, చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"బాబూ, నువ్వు ముందెళ్ళి చూసిరా. ఆ రిబ్బను తీశారో లేదో."

అప్పుడు బయల్దేరాడు కథానాయకుడు, ఆవిడ అల్లుడు, తాళాల మేస్త్రి! సమస్త కవాట కీలక విచ్ఛేదన విశారదుడు! తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్న కోటానుకోట్ల గృహిణుల ఆపద్బాంధవుడు! బ్యాంకు బీరువా సైతం ఎవరి అడుగుల చప్పుడు విని లోలోపల వణుకుతుందో, అట్టి మహావీరుడు స్క్రూడ్రైవరు ధరించి, మాస్కు బిగించి, మలుపు తిరిగి చూశాడు. పార్కు గేటు బార్లా తెరిచి ఉంది. గేటు బయట బెంచీ, బెంచీ మీద రిబ్బను, రిబ్బనుకు ముడి.

ఆ మహావీరుడి గోటితో పోయే ముడి! చిటికెన వేలితో లాగితే ఊడే ముడి! కానీ మేస్త్రి దుకాణం లైసెన్సు ఇచ్చింది ఆ జిల్లా ఆఫీసే. సీలు తెంచిన తాళాలాయన ఇంటికే తాళం పడుతుంది. అందుచేత ఆ వీరుడు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, రిబ్బనును ఉద్దేశించి ఇలా గర్జించాడు:

"ఓరీ పీతవర్ణ పాశమా! ఇనుప గడియలు నా వేళ్ళ కింద వెన్నలా కరిగాయి, ఏడు లివర్ల తాళాలు నా ముందు నోరు తెరిచాయి! నువ్వెంత, నీ ముడి ఎంత? నేడు నీ అధికార రహస్యాన్ని ఛేదించి, నిన్ను కట్టిన చేతితోనే విప్పించకపోతే నేను మేస్త్రినే కాదు!"

"ఎవరితోనండీ మాటలు? రోడ్డు మీద జనం చూస్తున్నారు" అంది వెనకనుంచి ఆయన భార్య. "ఎలాగూ వచ్చారు కదా, పాలు తెండి."

పాలు తెచ్చి ఇచ్చి, మహావీరుడు ఫోను సంగ్రామంలోకి దూకాడు. మొదటి ప్రాకారం పార్కుల విభాగం. మూడు స్వరాల శరవర్షానికి చెవులొగ్గి, ఎట్టకేలకు ఒక మనిషి గొంతును చేరాడు.

"పార్కులు తెరిచేశాం కదండీ" అంది ఆ గొంతు.

"పార్కు కాదండీ, బెంచీ. పార్కు గోడకి ఆనుకుని ఉంటుంది."

"గోడకి లోపలా, బయటా?"

"బయట."

"బయటుంటే అది మాది కాదండీ. రోడ్ల వాళ్ళనడగండి."

రెండో ప్రాకారం రోడ్ల విభాగం. అక్కడి గొంతు ఉదారస్వభావం కలది. "బెంచీ మాదేనండీ, కాదన్నామా? ఎన్నిసార్లయినా కూర్చోండి. రిబ్బను మాత్రం మాది కాదు."

మూడో ప్రాకారం ఆరోగ్య విభాగం. ఆ గొంతు కాస్త అలిసిపోయి ఉంది.

"రిబ్బను మాదే సార్. కానీ కట్టినవాళ్ళే విప్పాలి. అది పద్ధతి. ఆ కట్టే దళాన్ని పోయిన నెలలో రద్దు చేసేశారు."

"ఆ కట్టినవాళ్ళు ఇప్పుడెక్కడున్నారో చెప్పండి, నేనే వెళ్ళి బతిమాలుకుంటాను."

"వాళ్ళలో ఒకణ్ణి నేనే సార్. మీ బెంచీ నాకు బాగా గుర్తు, ముడి నేనే వేశాను."

"అయితే మీరే వచ్చి విప్పేయండి మహాప్రభో!"

"ఎలా వస్తాను సార్? ఇప్పుడు నన్ను ఫోన్ల మీద వేశారు కదా."

విన్నారా! శత్రువు దొరికాడు, దొరికినవాడు ఒప్పుకున్నాడు, ఒప్పుకున్నవాడు కదల్లేడు! ఇలాంటి పద్మవ్యూహాన్ని ఏ సేనాపతి పన్నగలడు? మేస్త్రి ఫోను కింద పెట్టి, గోడకు జారగిలబడి, వేడెక్కిన చెవిని తడిగుడ్డతో అద్దుకున్నాడు.

అత్తగారు చెప్పులు ఇంకా విప్పలేదు. అల్లుడి ఎదురుగా కుర్చీలో కూర్చుని అంది:

"నువ్వు అడిగే పద్ధతి తప్పు బాబూ. అడుక్కుంటే ఎవరు కదులుతారు? మొన్న మూలింటాయన మాస్కు లేకుండా చెత్త పారబొయ్యడానికొస్తే, అరగంటలో జీపు రాలేదూ? ఎవరో ఫిర్యాదు చేస్తేనే కదా!"

"ఎవరు చేశారత్తయ్యా?"

"ఎవరైతే నీకెందుకు? నేనే చేశాను. సంగతి వినవయ్యా. నేను రెండు స్టూళ్ళు తీసుకెళ్ళి ఆ బెంచీ ముందు ఫుట్‌పాత్ మీద వేసి, ఎదురింటి వదినని పిలిచి కూర్చుంటాను. నువ్వు నా మీద ఫిర్యాదు చెయ్యి. జీపొస్తుంది. వచ్చినాయనకి ఆ రిబ్బను కళ్ళారా చూపిద్దాం. మనిషంటూ ఎదురుగా ఉంటే నేను మాట్లాడుకుంటాను."

"మీ మీదా? నేనా? మీ అమ్మాయి నన్ను ఇంట్లో ఉండనిస్తుందా?"

"ఎప్పుడో ఒకప్పుడు ఎవరి మీదో ఒకరి మీద చేసేవాడివేగా. ధర్మానికి చెయ్యి."

ఆహా! మేస్త్రి ఫిర్యాదుల నంబరు నొక్కాడు. ఏమాశ్చర్యం! నిరీక్షణ సంగీతం నోరు మూసుకుంది. మొదటి గంటకే ఒక ఉత్సాహభరిత కంఠం ఉరికివచ్చింది.

"చెప్పండి సార్, ఎవరి మీద?"

"మా అత్తగారి మీదండీ."

"ఆహా, నిదానంగా చెప్పండి సార్. ఎన్నాళ్ళ నుంచి?"

"ఇప్పట్నుంచేనండీ. ఫుట్‌పాత్ మీద స్టూలేసుకుని ఎదురింటావిడతో కూర్చుంది."

"ఎన్ని స్టూళ్ళు సార్?"

"రెండు."

"రెండా!" అని గుండెలు బాదుకుంది ఆ కంఠం. "మీరు కంగారుపడకండి. బండి బయల్దేరింది."

అత్తగారు రెండు స్టూళ్ళూ బెంచీ ముందు వేసి, రోడ్డుకడ్డంగా నిలబడి, "వదినా! రా!" అని కేకేసింది. పంతులమ్మగారు గుమ్మంలోకి వచ్చి, అటూ ఇటూ చూసి, "తప్పేమో వదినా" అంటూనే చెప్పులేసుకున్నారు. జీవితంలో గీత దాటని మనిషి స్టూలు మీద సగమే కూర్చుంది, మిగతా సగం చట్టానికి వదిలేసి. చెవి వినపడటానికని ఆవిడ కొంచెం ఇటు జరిగింది, ఈవిడ కొంచెం అటు జరిగింది.

అంతలో ధూళిమేఘాల నడుమ, ఎర్రదీపం తిరుగుతుండగా, బ్రేకులు కీచుమంటుండగా దిగింది జీపు! జీపులోంచి దిగాడు జిల్లా దూర పరిరక్షణ ఇన్‌స్పెక్టరు! చంకలో చేతిసంచి, కళ్ళల్లో కర్తవ్యం! వృద్ధులకు మందులు పంపాలంటే బండి లేదన్న జిల్లాలో ఈ రథం ఎక్కడ దాగి ఉందో ఆ రథానికే ఎరుక.

"ఎవరమ్మా ఇక్కడ స్టూళ్ళేసింది?"

"నేనే బాబూ. ముందు ఆ రిబ్బను..."

"రిబ్బను సంగతి నాకు తెలీదమ్మా, నాది దూరం. ముందు మీ ఇద్దరి మధ్యా దూరం కొలవాలి" అని ఆయన సంచిలో చెయ్యి పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు. జీపులో వెతికాడు. జిల్లా దూరాలన్నింటినీ శాసించే ఆ కొలబద్ద ఆఫీసులో బల్ల మీద నిద్రపోతోంది.

అప్పుడాయన చూపు బెంచీ మీద పడింది. ముఖం వెలిగిపోయింది.

"ఈ రిబ్బను మాదే! అచ్చుకీ అచ్చుకీ సరిగ్గా మీటరు. దీంతో కొలిచేద్దాం." వంగి ముడి లాగాడు. ముడి బిగిసింది. మళ్ళీ లాగాడు. ఇంకా బిగిసింది. "ఎవడు కట్టాడయ్యా దీన్ని! ఏమండీ, మీరు విప్పగలరా?"

మేస్త్రి ఒక అడుగు ముందుకు వేశాడు.

"విప్పమంటారా సార్?"

"విప్పమనేగా అంటున్నాను."

"కాస్త గట్టిగా చెప్పండి సార్. నలుగురూ వినాలి."

"విప్పవయ్యా బాబూ!"

"ఏమన్నారూ?" అన్నారు పంతులమ్మగారు.

"విప్పమన్నారు వదినా, విప్పమన్నారు!" అని వీధి చివరిదాకా వినపడేట్టు అరిచింది అత్తగారు.

ఆ మాట పడీ పడగానే, ఇనుప తాళాల అహంకారమణచిన ఆ పది వేళ్ళూ లేచాయి. రెప్పపాటులో ముడి విడింది. ప్రదక్షిణం మీద ప్రదక్షిణంగా రిబ్బను ఊడి వచ్చింది. మహమ్మారి మొదలైన దగ్గర్నుంచి మనిషి కూర్చోని సిమెంటు, ధవళకాంతులతో కాకపోయినా పిట్టల రెట్టలతో బయటపడింది.

ఇన్‌స్పెక్టరు ఒక కొస మేస్త్రికిచ్చి, స్టూలు నుంచి స్టూలుకి రిబ్బను పరిచి, వేలు పెట్టి అచ్చులు లెక్కపెట్టాడు. "ఒకటి..."

"ఏమన్నారూ?"

"ఒకటన్నానమ్మా, ఒకటి!" అని తల తిప్పి చెప్పి, మళ్ళీ అక్కడే వేలు పెట్టి, "రెండు... పైన కొసరు. సరే, దూరం ఉంది. కానీ ఫుట్‌పాత్ మీద స్టూళ్ళు వెయ్యకూడదు, నడిచేవాళ్ళకి అడ్డం. తీసేయండి" అన్నాడు.

"ముసలాళ్ళం బాబూ, ఎక్కడ కూర్చోమంటావు మరి?" అంది అత్తగారు, ఎన్నడూ లేనంత మెత్తగా.

ఇన్‌స్పెక్టరుకు ఓపిక నశించింది. "వెనకాలే ఇంత బెంచీ పెట్టుకుని స్టూళ్ళేంటమ్మా? జిల్లా వాళ్ళు దాన్ని వేయించింది దేనికి? లేచి దాని మీద కూర్చోండి!"

మేస్త్రి కొంగుతో, అనగా అత్తగారి కొంగుతోనే, బెంచీ తుడిచాడు. ఇద్దరూ లేచి తమ తమ కొసల్లో కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరు రిబ్బను ఉండచుట్టి జీపులో పారేసి, ఫోను తీసి ఒక ఫొటో కొట్టుకుని వెళ్ళాడు. "జిల్లా యంత్రాంగం చొరవతో వృద్ధులకు బెంచీ సౌకర్యం" అని మర్నాటి శుభసందేశం. కింద ఆ ఫొటో. అందులో మేస్త్రి మోచెయ్యి మాత్రం పడింది.

అయితే అది మర్నాటి మాట. ఆ క్షణాన అత్తగారు తన కొసన కూర్చుని కొంగు సర్దుకుంది. ఇన్నాళ్ళూ దాచుకున్న పరామర్శ మాటల్లో ఏది ముందు చెప్పాలా అని వెతుక్కుంది. అంతలో పంతులమ్మగారే, ఎదురుగా ఉన్న తమ కిటికీని చూస్తూ అన్నారు:

"ఆ అబ్బాయి మొదటి అచ్చుని రెండుసార్లు లెక్కేశాడు వదినా. ఆయన ఉంటే చెవి మెలేసి మళ్ళీ కొలిపించేవారు."

"ఊరుకో వదినా, జీపు ఇంకా మలుపు తిరగలేదు" అంది అత్తగారు.

పంతులమ్మగారు నవ్వారు. నవ్వుతూనే కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అత్తగారు జీపు వెళ్ళిందో లేదో చూసుకుని, తన కొస వదిలి, ఆవిడ వైపు జానెడు జరిగింది.

వినండి సకల జనులారా! మూడు విభాగాలను ఎదిరించి, ఒక దళం ముడిని ఛేదించి, సొంత అత్తగారి మీద ఫిర్యాదు సైతం చేసి, తాళాల మేస్త్రి మహావీరుడు ఈ భూమండలం మీద గెలిచిన సామ్రాజ్యం అక్షరాలా ఇంత: ఒక జానెడు. పొడవు జానెడు, వెడల్పు బెంచీ అంత. జయం! జయం! దిగ్విజయం!

"జయం సరే గానీ, ఆ స్టూళ్ళు ఇంట్లో పెట్టి రా బాబూ" అంది అత్తగారు.