ఊఁగారికి పిలుపొచ్చింది

తూనికలు కొలతల ఆఫీసులో హెడ్ గుమాస్తాను అందరూ ఊఁగారు అంటారు. ఏమడిగినా ఆయన నోట్లోంచి రాలేది ఆ ఒక్క అక్షరమే. రాళ్ళ బరువు చూసే ఉద్యోగం కదా, మాట కూడా తూచి వాడుతున్నాడని కొందరు సర్దిచెప్పేవారు. అసలు సంగతి భయం. నోరు తెరిస్తే ఎదుటివాళ్ళు ఇంకోటి అడుగుతారేమోనని.

అలాంటి మనిషి ఆ సోమవారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని సువార్త చెప్పడానికి తయారయ్యాడు. ముందురోజు చర్చిలో పాస్టరుగారు, "పిలుపు నాకొక్కడికే వచ్చిందనుకుని మీరంతా హాయిగా కూర్చున్నారు. మీకూ వచ్చింది. వినబడనట్టు నటిస్తున్నారు, అంతే" అన్నారు. ఆ మాట సూటిగా ఊఁగారికే తగిలింది. కొండ అవతలి పల్లెకు వెళ్ళే బృందంలో పేరిచ్చేశాడు. అక్కడ తనను ఎరిగినవాళ్ళు ఒక్కరూ ఉండరని ముందే వాకబు చేశాడు లెండి. నోరు తడబడినా పరువు ఇంటి దగ్గర భద్రంగా ఉంటుంది.

ఫోను చేసి సెలవడగడం ఆయనవల్ల కాని పని. ఆ పని భార్యకు అప్పగించి, అద్దం ముందు ఒక్క వాక్యమైనా సాధన చేసుకుందామని లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

ఆఫీసులో ఫోనెత్తినవాడు పక్కసీటు. ఏళ్ళ తరబడి ఊఁగారి పక్క కుర్చీలో కూర్చుంటున్న గుమాస్తాకు అదే పేరైపోయింది.

"అన్నయ్యగారూ, మావారు ఇవాళ రారండీ. ప్రభువు పిలుపొచ్చింది" అంది ఆవిడ. ఆనందంతో గొంతు వణికింది.

పక్కసీటు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఎప్పుడు చెల్లెమ్మా?"

"నిన్న పొద్దున. చర్చిలో, కూర్చున్నచోటే."

"అయ్యయ్యో! బాధేమైనా పడ్డారా?"

"మొదట కాస్త చెమటలు పట్టాయండీ. తర్వాత కళ్ళు మూసుకున్నారు. మొహం ఎంత ప్రశాంతంగా ఉందో! నేనైతే ఎన్నేళ్ళుగానో దీనికోసమే ప్రార్థన చేస్తున్నా."

పక్కసీటు మిగతావాళ్ళను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. ఆ పైన, "ఎప్పుడు... తీసుకెళ్తున్నారు?" అన్నాడు.

"పదింటికి వ్యానొస్తుంది."

"మేమంతా వస్తాం చెల్లెమ్మా."

"అందరూనా! ఎంత మంచి మనసండీ మీది! రండి, వ్యానులో చోటుంది."

"వద్దమ్మా వద్దు" అన్నాడు పక్కసీటు కంగారుగా. "ఆ వ్యానెక్కడానికి మాకింకా టైముంది."

పావుగంటలో ఆఫీసు మూతపడింది. త్రాసులు సరిచూపించుకోవడానికి వచ్చిన కిరాణా కొట్టాయన కూడా వెంటపడ్డాడు. దారిలో ఆఫీసరు మనిషంత పూలదండ కొన్నాడు. అందరూ తలలు వంచుకుని గుమ్మంలోకి వచ్చేసరికి ఆవిడ నవ్వుతూ ఎదురొచ్చింది.

"పాపం, ఇంకా తెలివిలోకి రాలేదు" అని గొణిగాడు పక్కసీటు.

"దండ కూడానా! ఆయనకిలాంటివి ఇష్టం ఉండవండీ" అంది ఆవిడ.

"ఇప్పుడింక కాదనలేరు కదమ్మా" అన్నాడు ఆఫీసరు. "ఎక్కడున్నారు?"

"లోపలి గదిలో. వ్యానొచ్చేదాకా ఎవరూ కదపొద్దన్నారు."

"ఎవరన్నారమ్మా?"

"ఆయనేనండీ."

ఆఫీసరు కళ్ళు తుడుచుకున్నాడు. దుఃఖం మనిషి చేత ఏమైనా అనిపిస్తుంది.

వరండాలో కుర్చీలు వేసుకుని ఎవరికి తోచిన నాలుగు మంచిమాటలు వాళ్ళు చెప్పుకున్నారు. "దేవుడిలాంటి మనిషి. మా త్రాసు అటూ ఇటూ ఉన్నా పల్లెత్తు మాట అనలేదు" అని కిరాణా ఆయన వాపోయాడు. ఆఫీసరు ఆయనకేసి అదోలా చూశాడు. కిటికీ వెనక ఊఁగారు, తనకు వీడ్కోలు సభ పెట్టారనుకుని తెర చాటుకు జరిగాడు. తెలిసినవాళ్ళ కంట పడకూడదనేగా కొండ దాటుతున్నది!

అంతలో పక్కసీటు గొంతు సవరించుకున్నాడు. "నాకొక్కటే బాధ సార్. మా అమ్మ పోయినప్పుడు ఆ చర్చి ముందునుంచే రోజూ నడిచేవాణ్ణి. లోపలికెళ్ళి కాసేపు కూర్చోవాలనిపించేది. మాలాంటోళ్ళు రావచ్చో లేదో ఎవర్నడగాలి? తెలిసినవాళ్ళెవరూ లేరనుకున్నా. పక్క కుర్చీలో మనిషే అక్కడికి వెళ్తాడని ఇవాళ ఫోన్లో తెలిసింది."

కిటికీ వెనక ఊఁగారు తెర వదిలి తలుపు వైపు నడిచాడు.

వ్యాను వచ్చి ఆగింది. పాస్టరుగారు దిగగానే ఆఫీసరు ఎదురెళ్ళాడు. "ఎలా జరిగిందండీ?"

"నా ప్రసంగం మధ్యలోనండీ. చివరి వరసలో ఉన్నారు. నేను చూస్తూనే ఉన్నా."

"చూస్తూ కూడా ఆపలేదా?"

"ఆపడమా? ఆ ఊపులో ఇంకో అరగంట పొడిగించాను!"

ఆఫీసరు ఒక అడుగు వెనక్కి వేశాడు. అప్పుడే లోపలి గది తలుపు తెరుచుకుని, ఊఁగారు గడపమీద నిలబడ్డాడు. ఆఫీసరు చేతిలోని దండ ఎగిరి కిరాణా ఆయన మెడలో పడింది.

"మీరు... పోయారు కదా?" అన్నాడు ఆఫీసరు, పీలగా.

"ఊఁ" అన్నాడు ఊఁగారు, అలవాటు కొద్దీ.

దాంతో ఇద్దరు గోడ దూకేశారు.

"పోవడమేంటండీ, శుభమా అని!" అని కేకేసింది భార్య. "పిలుపంటే సువార్త పిలుపు! కొండ అవతలి పల్లెకు!"

"పిలుపంటే మేమెరిగింది ఒక్కటేనమ్మా" అన్నాడు ఆఫీసరు కుర్చీలో కూలబడుతూ.

డ్రైవరు హారన్ కొట్టాడు. ఊఁగారు వ్యానుకేసి చూశాడు. తర్వాత పక్కసీటు కేసి చూశాడు. అద్దం ముందు నేర్చుకున్న వాక్యం ఎక్కడికో ఎగిరిపోయింది. కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చున్నాడు.

"రావచ్చయ్యా" అన్నాడు. "ఎవరైనా రావచ్చు. చివరి వరసలో నా పక్కన ఎప్పుడూ ఖాళీయే. మీ అమ్మ పోయినప్పుడు నాకూ ఏం చెప్పాలో తెలీలేదు. నాకు తెలిసింది ఇప్పుడు చెప్తా, వింటావా?"

"చెప్పండి" అన్నాడు పక్కసీటు.

హారన్ మళ్ళీ మోగింది. పాస్టరుగారు డ్రైవరుకు చెయ్యి ఊపారు. "ఆయన దిగాల్సిన చోటు ఇదే. నువ్వు పోనీ."

ఊఁగారు చెప్పడం మొదలుపెట్టాడు. తడబడ్డాడు, వెనక్కి వెళ్ళాడు, మళ్ళీ అందుకున్నాడు. గోడ దూకినవాళ్ళు ఆ గొంతు విని, దయ్యమైతే ఇంతసేపు మాట్లాడదని ధైర్యం చెప్పుకుని తిరిగొచ్చారు. దండ మెడలోనే ఉంచుకుని కిరాణా ఆయన కూడా చెవులు రిక్కించాడు. టీలు రెండుసార్లు అయ్యాయి. మాట మాత్రం ఆగలేదు.

మనిషి పోయాక గానీ నోరు విప్పలేదని ఆఫీసులో ఇప్పటికీ చెప్పుకుంటారు.