రోమ్‌లో మనోళ్ళుండంగా లాడ్జీనా?

ఆ రోజు పొద్దున ఓబుళరెడ్డి వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, రోమ్ నగరంలో ఒక హోటలు ఎంచుకోవాలి, ఆ పేరు ట్రావెల్స్ అమ్మాయికి చెప్పాలి, ఆపైన పోయి అంగడి తెరవాలి. ఇంత సులువైన పనిని కూడా చెడగొట్టుకోవచ్చని అతనికి తెలియదు. తెలిసుంటే మొదట అంగడే తెరిచేవాడు.

ప్రొద్దుటూరులో జమ్మలమడుగు రోడ్డు మీద అతనికి బోరు మోటర్ల అంగడి ఉంది. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. రైతులు బోరు పక్కన బోరు వేశారు. వాళ్ళకు నీళ్ళు పడ్డాయో లేదో గానీ ఓబుళరెడ్డి మోటర్లు మాత్రం బ్రహ్మాండంగా అమ్ముడుపోయాయి. ఆ పుణ్యమో పాపమో, మోటర్ల కంపెనీవాళ్ళు అతన్నీ భార్య ప్రమీలమ్మనూ అయిదు రాత్రులకు రోమ్ పంపిస్తామన్నారు. విమానం, వీసా వాళ్ళే చూసుకుంటారు. హోటలు మాత్రం వాళ్ళు చూపిన మూడింటిలో ఒకటి డీలరుగారే ఎంచుకోవచ్చు.

మూడు ఫోటోలు ఫోన్లో వచ్చాయి. ఒకటి పెద్ద రైల్వేస్టేషన్ పక్కన, ఇంకొకటి ఎప్పుడో రాజులు కట్టిన గుండ్రటి పాతకట్టడం ఎదురుగా, మూడోది ఏటికి అవతల పాతకాలం సందుల్లో. మంచి లాడ్జి అన్నాక స్టేషన్‌కో బస్టాండుకో ఆనుకునే ఉంటుందని ఓబుళరెడ్డి సిద్ధాంతం. సిద్ధాంతమే గానీ అనుభవం లేదు. పుట్టి బుద్ధెరిగాక అతను ఏ ఊళ్ళోనూ లాడ్జి గుమ్మం తొక్కలేదు.

"ఈ పాత గోడల ముందరిది వద్దు. పాడుబడిన గోడలు సూసేదానికి ఇంత దూరం పోవాల్నా? మన గండికోటలో ల్యావా?" అన్నాడు భార్యతో.

"నాకు యాడైనా ఒకటే," అంది ప్రమీలమ్మ. "పొద్దున కాఫీ ఇంకెవురన్నా తెచ్చియ్యాల. తిన్న గిన్నె నేను కడగగూడదు. అంతే."

అది చిన్న కోరికలా వినిపిస్తుంది గానీ కాదు. పెళ్ళయి ముప్పై ఏళ్ళు. తిరుపతికి పోతే చిన్నాయన ఇల్లు, బెంగళూరుకు పోతే పెద్దమ్మ కొడుకు ఇల్లు, హైదరాబాదుకు పోతే ఓబుళరెడ్డి చెల్లెలి ఇల్లు. మనవాళ్ళు ఉన్న ఊళ్ళో లాడ్జిలో దిగడమంటే వాళ్ళను చెప్పు తీసుకుని కొట్టినట్టే. ఏ ఇంటికి పోయినా మగవాళ్ళు హాల్లో కూర్చుని రాజకీయాలు మాట్లాడేవాళ్ళు. ప్రమీలమ్మ చీర కొంగు దోపుకుని వంటింట్లోకి పోయేది. బెంగళూరు ఎట్లుందని ఎవరైనా అడిగితే ఆమెకు ఒక సింకు గుర్తొస్తుంది. హైదరాబాదంటే ఇంకో సింకు. రోమ్‌లో తమకు బంధువులెవరూ లేరని విన్నప్పుడు ఆ నగరం మీద ఆమెకు ఎక్కడలేని గౌరవం కలిగింది.

ఓబుళరెడ్డి అక్కడితో ఫోన్ జేబులో పెట్టుకుని ఉంటే ఈ కథ లేదు. కానీ రోమ్‌కు పోతూ ఆ సంగతి నలుగురికీ తెలియకపోతే పోయి ఏం లాభం? మూడు ఫోటోలనూ బంధువుల వాట్సప్ గ్రూపులో పెట్టి, "వీటిలో ఏది బాగుందో పెద్దలు సలహా ఇవ్వగలరు" అని రాశాడు. అతనికి సలహా అక్కర్లేదు, పెద్దలూ అక్కర్లేదు. కుళ్ళుకునేవాళ్ళు కావాలి.

చప్పట్లు, దండాలు, పూలగుత్తులు వరసగా వచ్చాయి. వాటి వెనకే పులివెందుల నుంచి బావ నారాయణరెడ్డి ఫోన్ వచ్చింది. ఓబుళరెడ్డి అక్క మొగుడు. ఒక పెళ్ళిలో తాంబూలం ఒక నిమిషం ఆలస్యమైందని మూడేళ్ళు మాట్లాడని మనిషి.

"ఏం బావా, మమ్మల్ని సచ్చినోళ్ళ కింద జమ కట్టినావా?"

"అదేం మాట బావా!"

"మా తమ్ముని కొడుకు మహేష్ యాడుండాడు? రోమ్‌లోనే గదా? మనోడు ఆడ ఇల్లు తీసుకోని ఉండంగా నువ్వు లాడ్జిలో దిగుతావా? రేప్పొద్దున పులివెందల్లో ఎవురన్నా అడిగితే నేను మొగం యాడ పెట్టుకోవాల?"

మహేష్ చదువుకోవడానికి విదేశం పోయాడని తెలుసు గానీ, ఆ విదేశం ఇదేనని ఓబుళరెడ్డికి తెలియదు. "నువ్వు సెప్పినాక ఇంగేముంది బావా! రెండు రాత్రులు మనోని ఇంట్లోనే ఉంటాం," అన్నాడు.

"ఇంగా మూడు రాత్రులు హోటల్లోనేలే," అని భార్యకు సర్ది చెప్పాడు. ప్రమీలమ్మ గోరుచిక్కుళ్ళు తుంచుతున్న చప్పుడు మాత్రం కాస్త పెరిగింది.

ఇక్కడైనా ఆగొచ్చు. కానీ జమ్మలమడుగులో జోసఫ్ సారు ఉన్నారు. హైస్కూల్లో ఓబుళరెడ్డికి ఇంగ్లీషు చెప్పి, చెప్పిన దానికన్నా ఎక్కువ కొట్టి, వీడు బాగుపడడని క్లాసు ముందే తేల్చిన మనిషి. ఆయనకు ఈ వార్త చెప్పకపోతే బాగుపడినట్టు ఎట్లా తెలుస్తుంది? హోటలు గురించి రాసిన ఇంగ్లీషు అర్థం కాలేదనే నెపంతో ఫోన్ చేశాడు.

సారు అంతా విన్నారు. "ఓబుళరెడ్డీ, మా జాస్మిన్ ఆడనే గదా నర్సుగా ఉండేది," అన్నారు. "పోయి నాలుగేండ్లాయ. మనూరి మొగం సూడల్యా. నేను సదువు సెప్పిన పిల్లోడివి, నా బిడ్డ ఇంట్లో కాలు పెట్టకుండా వస్తావా?"

ఓబుళరెడ్డి అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు. యాభై ఐదేళ్ళ మనిషి, ఫోన్లో మాట్లాడుతూ ఎడమ అరచెయ్యి వెనక్కి దాచుకున్నాడు. "రెండు రాత్రులు పాప దగ్గరే ఉంటాం సార్," అనేశాడు.

హోటలుకు ఇక ఒక్క రాత్రి మిగిలింది.

ఆ వారమంతా పొట్లాలు వచ్చాయి. పులివెందుల నుంచి మహేష్‌కు ఎర్రకారం, చెనిక్కాయల పొడి, నేతి డబ్బా. జమ్మలమడుగు నుంచి జాస్మిన్‌కు చింతకాయ ఊరగాయ, కజ్జికాయలు, సారు భార్య ఆనందమ్మ టీచరు అల్లిన స్వెటరు. మహేష్‌కు ఓబుళరెడ్డి ఫోన్ చేస్తే, "రాండి మామా, దానికేముంది," అన్నాడు. ఆ గొంతులో ప్రాణం లేదని ఎవరికైనా తెలిసేది. ఓబుళరెడ్డి మాత్రం సిగ్నల్ సరిగా లేదనుకున్నాడు.

ఆదివారం నారాయణరెడ్డి నేతి డబ్బాకు ఇంకో డబ్బా జోడించి స్వయంగా ప్రొద్దుటూరు వచ్చాడు. ఆరాధన ముగించుకుని జోసఫ్ సారూ బస్సెక్కి వచ్చారు. ఇద్దరూ హాల్లో ఎదురెదురుగా కూర్చున్నాక, తామిద్దరమూ ఒకే చుట్టాన్ని పంచుకుంటున్నామని బయటపడింది.

"విమానం దిగినాక మొదటి కూడు యాడ తింటారు?" అన్నాడు నారాయణరెడ్డి.

"జాస్మిన్ వండి పెడతాది," అన్నారు సారు.

"అట్లెట్ల సారూ? మేము సొంతోళ్ళం."

"మీరు పిల్లను చేసుకోని సొంతోళ్ళయినారు. నేను వాని చెయ్యి పట్టి అక్షరాలు దిద్దిచ్చినా."

"బెత్తంతో గదా దిద్దిచ్చింది!"

"మరి నిలిచినాయా ల్యాదా?"

ఓబుళరెడ్డి అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. మొదటి రాత్రి ఒకరికిస్తే చివరి రాత్రి ఇంకొకరికన్నాడు. చివరిదంటే మిగిలిందా అని ఇద్దరూ అలిగారు. ఎట్లా పంచినా హోటలు రాత్రి ఒకటి మధ్యలో ఎముకలా అడ్డం పడుతోంది. సరిగ్గా అప్పుడు అతనికి మహా గొప్ప ఆలోచన వచ్చింది. ఆలోచనలు రావడమే అతని కష్టాలకు మూలమని ప్రమీలమ్మ ఎప్పుడూ అంటుంది.

"అసలు హోటలే వద్దు! మనోళ్ళు ఇంతమంది ఉండంగా మాకు లాడ్జి ఖర్మేంది?" అని, అక్కడికక్కడే ట్రావెల్స్ అమ్మాయి వర్షితకు ఫోన్ కొట్టి హోటలు రద్దు చేయమన్నాడు. పెద్దలిద్దరూ మొదటిసారి ఏకమై శభాష్ అన్నారు.

ఆ శభాష్ వంటింట్లోకి వినిపించింది. మంచినీళ్ళ కోసమని లోపలికి వెళ్ళిన ఓబుళరెడ్డికి ప్రమీలమ్మ గోడకు ఆనుకుని నిలబడి కనిపించింది. ఏడవడం లేదు. ఏడ్చినా బాగుండేది.

"నేను రాను," అంది. "నువ్వూ ఆ నేతి డబ్బాలూ పోయి రాండి. నాకు సింకు సూడాలనుంటే ఈడ ల్యాదా? ముప్పై ఏండ్లలో నిన్నొక్కటి అడిగినా. ఒక్కటి. దాన్ని గూడ హాల్లో పంచి పెట్టేస్తివి."

ఆమె చెప్పినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. తన గొప్ప కోసం వాగినదానికి ప్రతిసారీ గిన్నెలు తోమింది ఆమేనని ఓబుళరెడ్డికి ఆ నిమిషాన తెలిసింది. తెలిసి సిగ్గుపడ్డాడు. సిగ్గుపడి కూడా, "మాటిచ్చేసినానే," అని మాత్రమే అనగలిగాడు.

ప్రమీలమ్మ అతన్ని ఒకసారి ఎగాదిగా చూసి, ఫోన్ తీసుకుని మిద్దె మీదికి వెళ్ళింది. చాలాసేపటికి దిగివచ్చి, అందరికీ కాఫీలిచ్చి, నవ్వుమొహంతో చెప్పింది. "అన్నా, సారూ, మీరు కొట్లాడొద్దు. మహేష్ మగపిల్లోడు, ఆడ నాకేం పని? జాస్మిన్ ఆడపిల్ల, ఆడ ఈయనకేం పని? దిగినప్పటి నుంచి ఈయన మహేష్ ఇంట్లో, నేను జాస్మిన్‌తో. మొదటి కూడు ఇద్దరిదీ ఒకేసారి."

న్యాయమంటే అదీ అన్నాడు నారాయణరెడ్డి. సొలొమోను తీర్పన్నారు సారు. భార్య రాజీపడిందని ఓబుళరెడ్డికి గుండె తేలికైంది. వాళ్ళు వెళ్ళేటప్పటికి, ఆ ఉపాయంలో సగం తనదేనని కూడా నమ్మేశాడు.

రోమ్‌లో విమానం దిగారు. మహేష్, జాస్మిన్ ఇద్దరూ వచ్చి నిలబడ్డారు. జాస్మిన్ ఒక్క ఉదుటున వచ్చి ప్రమీలమ్మ భుజం మీద తల పెట్టేసింది. ఆ పిల్ల చేతిలో బట్టల సంచి ఎందుకుందో ఓబుళరెడ్డికి అర్థం కాలేదు. ఆడవాళ్ళిద్దరూ టాక్సీ ఎక్కారు.

"పాప ఇల్లు ఎంత దూరం?" అన్నాడు కిటికీలోకి వంగి.

"ఇంటికి కాదు, హోటల్‌కు పోతాండాం," అంది ప్రమీలమ్మ.

"హోటలా? క్యాన్సిల్ చేసినా గదా!"

"నువ్వు క్యాన్సిల్ చేస్తివి. నేను మిద్దెక్కి మళ్ళా పెట్టమని సెప్పితి. ఏటికి అవతలిది. వర్షిత మంచి పిల్ల." ఆమె గొంతు తగ్గించింది. "జాస్మిన్‌కు ఇల్లెక్కడిది? ఒక ముసలామెను సూసుకుంటా వాళ్ళింట్లోనే ఉంటాది. మంచమంత గది. బయటోళ్ళను రానీరంట. ఇంటికాడ సెప్పుకోల్యాక ఫోన్లో ఒకటే ఏడుపు. నాలుగేండ్లుగా ఒక్క పూటన్నా ఇంకొకరు పెట్టిన అన్నం తినలేదంట. ఈ అయిదు దినాలు సెలవు పెట్టిచ్చినా. సారు అడిగితే బిడ్డ మమ్మల్ని బాగా సూసుకునిందని సెప్పు. అది అబద్ధం గూడ కాదు."

ఓబుళరెడ్డికి కళ్ళు చెమర్చాయి. భార్య మీద గౌరవం పొంగింది. గౌరవంతో పాటే ఒక సందేహమూ పొంగింది.

"మరి... నేను?"

"మనోడు ఉండంగా నీకు లాడ్జి ఏందయ్యా?" అంది ప్రమీలమ్మ. టాక్సీ కదిలింది.

మహేష్ ఇల్లంటే ఒక గది. అందులో మంచం మీద మంచం, అయిదుగురు పిల్లలు. చదువుకుంటూ సాయంత్రాలు హోటళ్ళలో పని చేసి వచ్చే పిల్లలు. మహేష్ తన మంచం మామకిచ్చి తాను నేల మీద పడుకున్నాడు. అది పై మంచం. యాభై ఐదేళ్ళ ఓబుళరెడ్డి నిచ్చెన ఎక్కుతుంటే కింద నలుగురు చేతులు చాచి నిలబడ్డారు. అన్నంలో ఎర్రకారం, నెయ్యి కలుపుకుని పిల్లలు ఆవురావురుమంటూ తిని, తిన్నచోటే నిద్రలోకి జారిపోయారు. సింకు నిండా గిన్నెలు. ఓబుళరెడ్డి కాసేపు వాటికేసి చూశాడు, అవి అతనికేసి చూశాయి. లేచి చొక్కా చేతులు మడిచాడు. రెండో గిన్నె తోముతుండగా బెంగళూరు గుర్తొచ్చింది. ఆ ఊళ్ళో తాను హాల్లో ఎంత బాగా మాట్లాడేవాడో కూడా గుర్తొచ్చి, మూడో గిన్నె కాస్త గట్టిగా తోమాడు.

మర్నాటి నుంచి రోజూ పొద్దున నడుచుకుంటూ పోయి హోటలు ముందు నిలబడేవాడు. ఒకసారి పైకొచ్చి గది చూసిపోతానన్నాడు. ప్రమీలమ్మ కిటికీలోంచే చెయ్యి అడ్డంగా ఊపింది. జాస్మిన్ ఇంకా లేవలేదట. ఆమె చేతిలో కాఫీ కప్పుంది. వెనకనుంచి ఇంకెవరో పళ్ళెం తీసుకుపోతున్నారు. ప్రమీలమ్మ మొహంలో ఎప్పుడూ చూడని వెలుగు. ఓబుళరెడ్డి కింద అరుగు మీద కూర్చుని, ఇంత సంతోషాన్ని ముప్పై ఏళ్ళు ఎక్కడ దాచిందబ్బా అనుకున్నాడు. ఎక్కడ దాచిందో అతనికి తెలుసు.

తిరిగొచ్చిన నెలకు కడపలో డీలర్ల సమావేశం జరిగింది. రోమ్ వెళ్ళొచ్చిన ఓబుళరెడ్డిగారు అక్కడి హోటలు గురించి విపులంగా మాట్లాడతారని చెప్పి కంపెనీ ఆఫీసరు అతని చేతికి మైకిచ్చాడు. మూడు తాలూకాల డీలర్లు చెవులు రిక్కించారు. ఓబుళరెడ్డి గొంతు సవరించుకున్నాడు.

"బయటి నుంచి శానా బాగుండాదప్పా," అని చెప్పి కూర్చున్నాడు.