నొప్పి తెలియని కాలు

నొప్పి తెలియని కాలు ఎంత అదృష్టమో మీకు తెలియదు. ముల్లు దిగినా హాయి, బూటులో రాయి పడినా హాయి! చక్కెర జబ్బు అడక్కుండానే ఇచ్చే వరం ఇది.

నా భార్య ఇత్తోకు ఈ వరం దక్కింది. మా అట్లాస్ కొండల్లో చలికాలమంతా కుంపటి ముందు కాళ్ళు చాపుకుని కూర్చుంటాం. ఒకరోజు కాలిన వాసన వచ్చింది. నేను దుప్పట్లన్నీ దులిపాను. ఇత్తో కూర్చున్న చోటు నుంచే, "ఆ మూల కంబళి చూడవయ్యా" అని పురమాయిస్తోంది. కాలుతున్నది ఆమె మడమ!

పక్కింటి తూదా వచ్చింది. "గోరింటాకు ఉండగా డాక్టరెందుకన్నా? మా అమ్మ కాళ్ళ పగుళ్ళు దీంతోనే మానాయి" అంది. మందంగా పట్టించింది. ఎర్రగా పండింది. వారం తిరిగేసరికి నల్లగా పండింది. పండిందనే అనుకున్నాం! కుళ్ళిన కాలికీ పండిన కాలికీ రంగులో తేడా ఎవరు చెప్పగలరు?

"పెళ్ళినాడు కూడా ఇంత పండలేదు కదయ్యా" అని ఇత్తో మురిసిపోయింది.

మోకాలి కింద నుంచి తీసేశారు.

మా ఊరివాళ్ళు మర్యాదస్తులు. రోగిని చూడటానికి ఒట్టిచేతులతో రారు. నీలం కాగితం చుట్టిన చక్కెర దిమ్మ తెస్తారు. చక్కెర తినేసిన కాలికి పదిహేడు దిమ్మలు! మూడో నెలలో ఆమె పోయింది. పరామర్శకు ఇంకో తొమ్మిది. వచ్చినవాళ్ళకు పుదీనా టీ తియ్యగా ఇవ్వాలి, వాళ్ళతో పాటు తాగాలి. తాగాను. ఇప్పుడు నాకూ చక్కెర.

మా డాక్టరు అందరికంటే మర్యాదస్తుడు. ఆరేళ్ళ పాటు నెలనెలా ఇత్తో వేలు గుచ్చి అంకె రాసుకున్నాడు. ఒక్కనాడూ మేజోళ్ళు తీయమనలేదు. పెద్దవాళ్ళ ముందు పాదాలు చూపడం మాలో తప్పు. ఆయన అడగలేదు, ఆమె చూపలేదు, పక్కన కూర్చున్న నేను నోరు విప్పలేదు. ఎవరి మర్యాదా పోలేదు. కాలే పోయింది.

మొన్న నా వంతు వచ్చింది. బూట్లు విప్పి, మేజోళ్ళు లాగేసి, రెండు పాదాలూ ఆయన బల్ల మీద కాగితాలపై పెట్టాను.

"ఏం పెద్దాయనా, ఇదేం పద్ధతి? దించు!"

"చూడు. చూశాక దించుతాను."

ఆయన ముఖం ఎర్రబడింది. అయినా పాదాల మీదికి వంగాడు. నేను ఆ ముఖాన్నే చూస్తూ కూర్చున్నాను. నా జన్మలో అంత తృప్తి ఎరగను!

కాసేపటికి తల ఎత్తి, "సూదితో గుచ్చాను, తెలిసిందా?" అన్నాడు.

"ఎప్పుడు?" అన్నాను.