చాపెల్ కొండ మీద వెండెల్ రికార్డు

ఆ పొద్దున వెండెల్ స్టోఫర్ పెట్టుకున్న పని ఒక్కటే: సోఫాలో పడుకుని, ఫోన్లో ఒక జత సైకిల్ చక్రాలు కొనడం. భుజం ఎముక విరిగి కుడి చెయ్యి మెడకు వేలాడుతోంది. దారికి అడ్డంగా వచ్చిన పెద్దబాతును తప్పించబోయి పడ్డాడు. సైకిల్ క్లబ్బులో మాత్రం జింక అని చెప్పాడు. విస్కాన్సిన్‌లో జింకను గుద్దుకుని పడ్డవాడికున్న మర్యాద బాతుకు జడిసి పడ్డవాడికి లేదు.

క్లబ్బు వాళ్ల శనివారం సవారీలో చాపెల్ కొండ ముందెక్కినవాడే మనిషి. ఏళ్ల తరబడి ఆ మనిషి వెండెల్. అతను మూలపడగానే కిప్ హేగెన్ అనే పళ్ల డాక్టరు ఆ చోటు ఆక్రమించాడు. వెండెల్‌కు ఎముక నొప్పికన్నా ఈ నొప్పి ఎక్కువైంది. వ్యాయామం చెయ్యడానికి వీల్లేదు కనక, సామాను కొని కిప్‌ను ఓడించాలని తీర్మానించుకున్నాడు.

"ఈ చక్రాలు పాతవాటికన్నా ఎంత తేలికో తెలుసా?" అన్నాడు భార్య లోర్నాతో, ఇంకో డోనట్ అందుకుంటూ.

"ఆ డోనట్ అక్కడ పెట్టేస్తే ఇంకా తేలిక," అంది లోర్నా.

చక్రాలు వచ్చాయి. పాత సైకిల్‌కు పట్టలేదు. వెనక్కి పంపడం నామోషీ కాబట్టి, వాటికి సరిపోయే కొత్త ఫ్రేము తెప్పించాడు. ఆ ఫ్రేముకు పాత గేర్లు పనికిరావని తేలింది. గేర్లు వచ్చాక చైను పొట్టిదైంది. చైను మార్చాక పెడల్స్ వెలవెలబోయాయి. కొత్త పెడల్స్‌కు పాత బూట్లు ఇమడలేదు. గరాజులో కారు చుట్టూ పెట్టెలు పేరుకుని, చివరికి కారు బయటికి తీసే దారే లేకుండా పోయింది.

లోర్నా పనిచేసే లైబ్రరీ కొండకు అవతల ఉంది.

"నీ పాత సైకిల్ ఊరికే పడుంది కదా, తీసుకెళ్లనా?" అని అడిగింది.

"ఊఁ," అన్నాడు వెండెల్, ఫోన్లోంచి తలెత్తకుండా. ఆమె ఏం అడిగిందో అతనికి తెలియదు.

ఆ రోజు నుంచీ లోర్నా సీటు దించుకుని సైకిల్ మీదే పనికి వెళ్లసాగింది. అయితే ఆమె గడప దాటబోయే వేళకే ఏదో ఒక పెట్టె దిగేది. ఒంటి చేత్తో అట్టపెట్టె విప్పడం వెండెల్ వల్ల కాదు. "ఈ ఒక్కటీ కోసిపెట్టి పో," అనేవాడు. ఆలస్యమైపోయి, అతన్ని తిట్టుకుంటూ, ఆమె కొండంతా సీటు మీద కూర్చోకుండా తొక్కేది. పెట్టె ఎంత పెద్దదైతే తొక్కుడు అంత జోరుగా ఉండేది.

ఈ క్లబ్బు వాళ్లు ఒక పూట తొక్కితే అది పదిమందికీ తెలియాలి, లేకపోతే తొక్కనట్టే లెక్క. అందుకని ప్రతివాడి హ్యాండిల్‌కూ ఓ చిన్న మీటరుంటుంది. బండి కదిలితే దానంతటదే మొదలై, ఆగగానే యజమాని పేరున వేగమంతా అందరి ఫోన్లకూ చాటేస్తుంది. వెండెల్ కొత్త సైకిల్‌కు పెద్ద మీటరు కొన్నాడు. చిన్నది పాతదానికే ఉండిపోయింది.

ఓ సాయంత్రం కిప్ ఫోన్ చేశాడు. "ఏం గురూ, చెయ్యి విరిగిందని చెప్పి, రోజూ పొద్దున్నే కొండెక్కుతున్నావా? నా రికార్డు కూడా లేపేశావు."

వెండెల్ ఫోన్లో చూసుకున్నాడు. చాపెల్ కొండ రికార్డుల జాబితాలో తన పేరే పైన ఉంది. అప్పుడే లోర్నా చెమటలు కక్కుతూ సైకిల్ లోపలికి తెస్తోంది. సంగతి బోధపడింది. నిజం చెప్పడానికి నోరు తెరిచాడు కూడా.

"ఒంటి చేత్తో ఎలాగయ్యా?" అన్నాడు కిప్. ఆ గొంతులో అసూయ వినసొంపుగా ఉంది.

"నాదేముంది, అంతా కొత్త చక్రాల మహిమ," అనేశాడు వెండెల్.

కొద్ది రోజుల్లో క్లబ్బంతా ఆ చక్రాలే కొంది. అవి వాళ్ల సైకిళ్లకూ పట్టలేదు. ఊళ్లో చాలా గరాజుల్లోంచి కార్లు బయటికి రావడం మానేశాయి. పైగా, కట్టు విప్పాక వచ్చే మొదటి శనివారం వెండెల్ కొండెక్కడం కళ్లారా చూస్తామని అందరూ పట్టుబట్టారు.

"నువ్వు కాస్త మెల్లగా వెళ్లరాదూ? ఎందుకంత తొందర?" అన్నాడు లోర్నాతో.

"పెట్టెలు ఆపు, మెల్లగానే వెళ్తాను."

పెట్టెలు ఆగలేదు.

ఆ శనివారం వెండెల్ కొత్త చొక్కాలోకి పొట్టను ఎలాగో కుక్కి బయల్దేరాడు. కొండ మొదట్లో అందరూ గౌరవంగా తప్పుకుని అతన్ని ముందు పంపారు. మొదటి మలుపు దాకా పరువు నిలిచింది. రెండో మలుపులో ఊపిరాడక దిగిపోయి, ఆ తేలికైన సైకిల్‌ను తోసుకుంటూ నడిచాడు. మిగిలినవాళ్లు ఒక్కొక్కరే అతన్ని దాటిపోయారు, కిప్ ఈలవేస్తూ.

అంతలో వెనకనుంచి బెల్లు మోగింది. "జరగండి, జరగండి, లైబ్రరీ తియ్యాలి," అంటూ లోర్నా పుస్తకాల సంచీతో మొగుణ్ణీ, క్లబ్బునీ, కిప్‌నీ దాటేసి పోయింది. ఆమె ఇల్లు కదలబోతుంటే గ్లౌజుల పెట్టె వచ్చింది, సంతకం పెట్టి దింపించుకునేసరికి ఆలస్యమైంది మరి.

కొండ మీద అందరూ ఆయాసం తీర్చుకుంటుండగా ఫోన్లు మోగాయి.

"వెండెల్ ఇప్పుడే తన రికార్డు తనే బద్దలుకొట్టాడట," అని చదివాడు కిప్. అందరూ వెనక్కి తిరిగి చూశారు. వెండెల్ ఇంకా కింద, దారి పక్క రాయి మీద కూర్చుని ఉన్నాడు. ఆ తరవాత అందరి చూపూ లోర్నా వెళ్లిన దారికి మళ్లింది.

అతను తల దించుకుని లైబ్రరీకి చేరేసరికి, గోడకు ఆనించిన పాత సైకిల్ చుట్టూ గుంపు మూగి ఉంది.

"నిజం చెప్పు లోర్నా, దీనికేం బిగించావు?" అంటున్నాడు కిప్.

"ఏమీ లేదు. ఆలస్యమైపోతుంది, తిట్టుకుంటూ తొక్కుతాను. అంతే."

ఎవరూ నమ్మలేదు. కిప్ గొంతుక్కూర్చుని చైను మీద వేలు రాసి చూశాడు. "తుప్పు పట్టనివ్వాలన్న మాట," అన్నాడు నెమ్మదిగా.

లోర్నా మొగుడి వైపు చూసింది. 'మా ఆవిడ తొక్కింది' అని ఒక్క ముక్క అంటాడేమోనని కాసేపు ఆగింది కూడా. వెండెల్ గొంతు సవరించుకున్నాడు.

"అసలా బండి నాది," అన్నాడు.

బండి తిరిగివ్వనని లోర్నా ఆ క్షణమే చెప్పేసింది. సోమవారానికల్లా క్లబ్బంతా తుప్పు పట్టిన సైకిళ్ల వేటలో పడింది. అందులో మాత్రం వెండెల్‌ను మించినవాడు లేడు.