కామాగారి కడుపు

నొప్పి మాత్ర వేసుకోవాలంటే ముందు నొప్పి ఉండాలన్న మూఢనమ్మకాన్ని ఆ అచ్చాఫీసులో ప్రూఫ్ రీడరుగారు రూపుమాపి చాలాకాలమైంది. పొద్దున్నే కుర్చీలో కూర్చునే ముందే ఆయన ఒకటి వేసుకునేవాడు. మెడనొప్పి తీరిగ్గా బయల్దేరి వచ్చేసరికి గుమ్మంలో మాత్ర కాపలా ఉండాలన్నది ఆయన సిద్ధాంతం.

ఆయన్ని అందరూ కామాగారనేవారు. ఎక్కడైనా కామా తప్పిపోతే ఆయనకి ముద్ద దిగదు. ఏళ్ల తరబడి తల వంచి అక్షరాలు దిద్దీ దిద్దీ మనిషి మెడే ప్రశ్నార్థకంలా తయారైంది. ఆ అవస్థ చూడలేక పక్కింటాయన ఒక మాత్ర ఇచ్చాడు. పక్కింటాయన తాళాలు బాగుచేస్తాడు. వైద్యం ఆయన వృత్తి కాదు గనక ఫీజు లేదు, అనుమానం అసలే లేదు.

"మా మామగారి మోకాళ్లకి రాసిచ్చిన మాత్రండీ. రామబాణం అనుకోండి."

"ఇప్పుడెలా ఉన్నారు మామగారు?"

"పోయారు. మోకాళ్లు మాత్రం చివరిదాకా దివ్యంగా పనిచేశాయి."

ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? కామాగారు అక్కడికక్కడే మింగేశాడు. అదీ పరగడుపున. కడుపులో తిండి ఉంటే మాత్రకి దారి దొరకదనీ, ఖాళీ రోడ్డు మీద బండిలా దూసుకుపోవాలనీ పక్కింటాయన సెలవిచ్చాడు. నిజంగానే కాసేపటికి మెడనొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. ఆ రోజు కామాగారు తల ఎత్తి గోడ గడియారం చూశాడు. ఆఫీసులో గడియారం ఉందని ఆయనకి తెలిసింది అప్పుడే.

ఇక్కడ ఒక చిన్న సంగతి మనవి చేయాలి. ఆ మాత్రల డబ్బాలో మడిచిపెట్టే సూచనల కాగితం అచ్చయ్యేది ఆ ఆఫీసులోనే. దిద్దేది కామాగారే. "భోజనము తరువాత మాత్రమే వేసుకొనవలెను" అన్నచోట చుక్క లేకపోతే పెట్టించాడు. "మలము నల్లగా వచ్చినచో వెంటనే వైద్యుని సంప్రదించవలెను" అన్నచోట ఒక సున్నా జారిపోతే పట్టుకున్నాడు. "రక్తస్రావము"లో వత్తు ఎగిరిపోయిందని కనిపెట్టి యజమాని చేత భుజం తట్టించుకున్నాడు. అక్షరాలు చూడటానికే ఆయనకి జీతం. అర్థం కూడా చూడమని ఎవరూ అడగలేదు.

తన సుఖం పదిమందికీ పంచాలనిపించడం మంచివాళ్ల లక్షణం. కామాగారి సొరుగు దవాఖానా అయింది. మెషీను మనిషికి నడుం నొప్పి, బైండింగు అక్కకి వేళ్ల నొప్పి, యజమానికి లెక్కలు చూస్తే తలనొప్పి. అందరికీ అదే మాత్ర, అందరికీ పరగడుపునే. నొప్పి లేనివాళ్లు వెలితిగా ఫీలయ్యేవారు. జవాను అయితే సిగ్గుపడుతూ వచ్చి, "నాకేం నొప్పి లేదు సార్, అలవాటైతే మంచిదని..." అని చెయ్యి చాపాడు.

కొన్నాళ్లకి కామాగారి కడుపులో మంట మొదలైంది. మాత్ర పనిచేస్తోందనడానికి అది గుర్తని పక్కింటాయన ధైర్యం చెప్పాడు. మంటకి వేరే మాత్ర వేసుకుని, అది ఉంది కదా అని దీన్ని పూటకి రెండు చేశాడు.

ఇంట్లో ఆవిడ మాత్రం ఊరుకోలేదు. "ఏవండీ, మీరసలే బీపీ మాత్ర వేసుకుంటారు. దాంతో ఇది పడుతుందో లేదో డాక్టర్నొకసారి అడగకూడదూ?"

"ఇంత చిన్న మాత్రకి అంత పెద్ద డాక్టరెందుకే!"

తరవాత ఓ పొద్దున స్నానాల గదిలోంచి ఆయన ఆలోచిస్తూ బయటికొచ్చాడు. వెళ్లాల్సింది వెళ్లింది గానీ, తారులా నల్లగా ఉంది. ఒక్క క్షణం గుండె జారింది. వెంటనే తర్కం అందుకుంది. చేతికి సిరా, చొక్కాకి సిరా, ముక్కు చీదితే సిరా. అచ్చాఫీసులో పనిచేసేవాడికి లోపల మాత్రం తెల్లగా ఉంటుందా? వృత్తి ధర్మం ఒంటికి పట్టిందని లోలోపల పొంగిపోయాడు. ఆవిడకి చెప్పలేదు.

ఇంతలో ఆయనకి సన్మానమన్నారు. తప్పుల్లేని అచ్చుకి ఆయనే కారణమని యజమాని ప్రకటించాడు. సభ రోజునే జలుబు, ఒళ్లు నొప్పులు పట్టుకున్నాయి. పొద్దున మామూలు మాత్ర పడింది. జలుబుకని, సభ చూడటానికి ఊరినుంచొచ్చిన వదినగారు ఒకటిచ్చింది. వేదిక మీద మెడ నిటారుగా ఉండాలని పక్కింటాయన ఎర్రరంగుది ఇంకోటిచ్చాడు. "ఇది దానికి అన్నగారండీ" అన్నాడు. మూడు పేర్లు, మూడు రంగులు. కడుపులోకి వెళ్లాక మూడూ ఒకే తల్లి పిల్లలని తేలింది. సభ తరవాత విందు ఉంది గనక ఆయన పొద్దున్నించీ కాఫీ తప్ప ఏమీ ముట్టలేదు.

యజమాని మైకు పట్టుకున్నాడు. "సోదరులారా! ఈయన వంచిన తల ఎత్తని మహామనీషి! తప్పు అన్నది ఈయన కంటపడి బతికి బట్టకట్టిన దాఖలా లేదు! ప్రమాదాన్ని అక్షరంలోనే పసిగట్టగల ఈయన దృష్టి..."

దృష్టి అప్పటికే మసకబారింది. చెమటలు పట్టాయి. పూలగుత్తి అందుకోబోతూ కామాగారు నిలువునా యజమాని కాళ్ల మీద పడ్డాడు.

చప్పట్లు మోగిపోయాయి. యజమాని కళ్లు చెమ్మగిల్లాయి. "చూశారా వినయం! లేవండి, లేవండి... లేవట్లేదు! ఎంత కృతజ్ఞత!"

"వినయం కాదు, మీ మొహం కాదు! ఆయనకి స్పృహ లేదు!" అని అరుస్తూ ఆవిడ వేదికెక్కాక గానీ చప్పట్లు ఆగలేదు.

కామాగారు కోమాలోకి వెళ్లారని జవాను వీధంతా చెప్పొచ్చాడు. తెలివొచ్చాక ఆ సంగతి విని, ఆసుపత్రి మంచం మీంచే, "అది అచ్చుతప్పు, దిద్దమను" అన్నాడాయన నీరసంగా. ఆవిడ నవ్వలేదు. ఆయన చెయ్యి వదలకుండా పట్టుకుని కూర్చుంది. పక్కన స్టాండుకి ఎవరిదో రక్తం సంచీ వేలాడుతోంది. అందులోంచి ఒక్కో చుక్కా తనలోకి దిగడం చూస్తుంటే, ఆయనకి మొదటిసారి భయమేసింది.

డాక్టరమ్మ కడుపులోకి గొట్టం వేసి చూసి వచ్చింది. "లోపల పుండు పడి రక్తం కారింది. ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో! ఇవి మంచి మందులేనండీ, పద్ధతిగా వాడితే. ఏదైనా తిన్నాక వేసుకోవాలి. నొప్పి తగ్గడానికి ఎంత తక్కువ చాలితే అంతే, ఎంత తక్కువ రోజులు చాలితే అన్ని రోజులే. ఒకే జాతివి రెండు కలపకూడదు. జలుబు మాత్రలో కూడా అదే ఉండొచ్చు, చూసుకోవాలి. బీపీ, కిడ్నీ జబ్బు, ఇదివరకు కడుపులో పుండు, రక్తాన్ని పలచబరిచే మందులు, వీటిల్లో ఏదున్నా మమ్మల్ని అడక్కుండా ముట్టుకోకూడదు. మలం నల్లగా వస్తే పరిగెత్తుకు రావాలి. మీకు రాలేదా?"

"సిరా అనుకున్నానండీ" అన్నాడు కామాగారు.

డాక్టరమ్మ కేసు షీటులో 'మలం నల్లగా' అన్న మాట కింద రెండు గీతలు గీసింది.

సాయంత్రం పరామర్శకి ఆఫీసంతా దిగింది. కామాగారు పశ్చాత్తాపంతో డాక్టరమ్మ మాటలన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పాడు. అందరూ తలలూపారు. బైండింగు అక్క కళ్లు తుడుచుకుంది. "ఎంత గండం గడిచింది!" అంది. మెషీను మనిషి మంచం దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

"అన్నా, ఆ ఎర్రమాత్ర పేరేంటి?"

"ఎందుకూ, పొరపాటున కూడా వేసుకోకుండా ఉండటానికా?"

"అది కాదన్నా. మనిషిని అంతలా పడగొట్టిందంటే ఎంత పవరుండాలి! నాలాగే మా ఆవిడకీ నడుం నొప్పి ఒక పట్టాన తగ్గట్లేదు."

గదిలో అందరూ ఒక్కసారి ముందుకు వంగారు. పరామర్శకని వచ్చి గుమ్మంలో నిలబడ్డ పక్కింటాయన సాయానికి వచ్చాడు. పేరు చెప్పాడు, ఏ దుకాణంలో డాక్టరు చీటీ అడక్కుండా ఇస్తారో కూడా చెప్పాడు.

ఆ పేరేమిటో ఇక్కడ రాయడం లేదు. రాస్తే మీరు ఊరుకుంటారా?