పదిహేడు తూటాలుండగా పొరుగువాడెందుకు?

మనిషికి పొరుగువాడికంటే రెండు వరసల పిస్టలే ఎక్కువ అక్కరకొస్తుంది. ఈ మాట నేను తొందరపడి అనడం లేదు. ఎండుగడ్డి చుట్టలన్నీ కొట్టంలోకి చేర్చేదాకా ఆలోచించి, చేర్చాక ఇంకాస్త ఆలోచించి అంటున్నాను.

పొరుగువాడితో ఎంత బాధ! అడిగితే ట్రాక్టర్ ఇవ్వాలి. వాడి ఆవు మన కంచె దాటితే తోలుకెళ్లి అప్పగించాలి. వాడి భార్య చేసిన చిక్కుడుగింజల కూర బాగుందని ఆవిడ ముఖం మీదే అబద్ధం చెప్పాలి. పిస్టల్‌కి ఇవేవీ లేవు. అప్పుడప్పుడు ఒక నూనె చుక్క వేస్తే చాలు!

తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. మా నాన్న కాలంలో పిస్టల్ పిడిలో తూటాలు ఒకదాని మీద ఒకటి, ఒకే వరసలో ఉండేవి. ఏడో ఎనిమిదో పట్టేవి. ఇప్పుడు రెండు వరసలు చేసి, దీని సందులో అది, దాని సందులో ఇది ఇరికించారు, బడి బస్సులో పిల్లల్ని కూర్చోబెట్టినట్టు. దీన్నే డబుల్ స్టాక్ అంటారు. పదిహేడు పడతాయి. పిడి లావెక్కుతుంది. పట్టుకున్నవాడి ధైర్యం కూడా లావెక్కుతుంది.

పదిహేడు ఎందుకని అడుగుతారా? నేనూ అడిగాను. మా మిస్సోరీ కొండల్లో తుపాకులు అమ్మేది లోయెల్. చేపల ఎరలూ వాడే అమ్ముతాడు. వాడి కొట్లో ఫ్రిజ్ తెరిస్తే ఒక అరలో వానపాములు, ఇంకో అరలో వాడి మధ్యాహ్న భోజనం.

"పెద్దాయనా, దొంగ ఒక్కడే రాడు," అన్నాడు లోయెల్.

"ఎంతమంది వస్తారు?"

"చెప్పలేం. ఎంతమందైనా రావచ్చు."

"నా ఇంట్లో ఏముందని అంతమంది వస్తారయ్యా?"

మా ఇల్లు వాడికి తెలుసు. "ఏమీ లేదని వాళ్లకెట్టా తెలుస్తుంది?" అన్నాడు.

ఈ మాటకి జవాబుందా? ఆ రోజు నుంచి పిస్టల్ ఎంచుకునే పనిలో పడ్డాను.

అయ్యలారా, ఎంచుకోవడంలోనే ఉంది అసలు సుఖం! ఒకటి ఆస్ట్రియా వాళ్లది, ఒకటి ఇటలీ వాళ్లది, ఒకటి పేరుకి మా అమెరికా వాళ్లదే కానీ చెక్ వాళ్లు చేసింది. ఒకదాని పిడి నా చేతికి లావు. ఒకటి సన్నం. ఒకదాని ట్రిగ్గర్ గట్టి, ఇంకోదాని ట్రిగ్గర్ తుమ్మితే కదిలేట్టుంది. అన్నీ బల్ల మీద వరసగా పెట్టి లోయెల్ చేతులు కట్టుకుని నిలబడతాడు, పెళ్లిచూపుల్లో పిల్ల మేనమామలాగా.

దీనివల్ల ఊరికి జరిగిన మేలు చూడండి. మా పక్కకొండ గ్లెన్ సంగతే తీసుకోండి. తన పెళ్లిలో పాస్టర్ అడిగిన ప్రశ్నకు తల ఊపి ఊరుకున్న మనిషి. ఇప్పుడు దాణా కొట్టు దగ్గర కాఫీ కెటిల్ ఖాళీ అయ్యేదాకా ట్రిగ్గర్ల మీద మాట్లాడుతున్నాడు! అతనికి ఇన్ని మాటలొచ్చని భార్యకే తెలియదట. తెలిశాక ఆమె బాధపడిందనుకోండి, అది వేరే సంగతి.

లోకంలో ఏదీ ఉత్తగా రాదు. పదిహేడు తూటాలు నింపిన పిస్టల్ బరువుగా ఉంటుంది. దాని కోసం లావు బెల్టు కొనాలి. పోయిన నెల చర్చిలో పాట అందుకోగానే అందరితో పాటు లేచి నిలబడ్డాను. నేను లేచాను. ప్యాంటు లేవలేదు. అరువు తెచ్చిన పిస్టల్‌తో పాటు అది నేల వైపు దారి పట్టింది. మా ఆవిడ వానెటా ఒక చేత్తో పాటల పుస్తకం, ఇంకో చేత్తో నా నడుము పట్టుకుని పాట పూర్తిచేసింది. రక్షణ అంటే అది కదా?

చిన్న ఇబ్బందులివి. పెద్ద లాభం ఏమిటంటే, ప్రశాంతత.

ఇదివరకు మా కొండల్లో ఎంత గోల! ఎవరు పడితే వాళ్లు తలుపు తోసుకుని వచ్చేవాళ్లు. "ఉన్నావా?" అని అడుగుతూనే పొయ్యి దగ్గరికెళ్లి కాఫీ పోసుకునేవాళ్లు. ఇప్పుడు ప్రతి గేటుకీ ఒక బోర్డు. 'కుక్క సంగతి సరే, యజమానితో జాగ్రత్త' అని. కొన్నింటి మీద పిస్టల్ బొమ్మ కూడా. నాకూ ఒకటుంది. లోయెల్ ఊరికే ఇచ్చాడు.

కాబట్టి ఇప్పుడు మా దగ్గర ఎవరూ ఎవరి తలుపూ తట్టరు. గేటు దగ్గర ట్రక్ ఆపి, హారన్ కొట్టి, అందులోనే కూర్చుంటారు. లోపలివాడు బయటికొచ్చి చెయ్యి ఊపితే దిగుతారు. రాకపోతే లేడనుకుని వెళ్లిపోతారు. ఎంత మర్యాద! పోస్టమ్మ పార్సిల్ గేటుకి తగిలించి పోతుంది. ఎవరింట్లోనైనా మనిషి పోతే చర్చి ఆడవాళ్లు వండిన వంటకం కూడా గేటుకే వేలాడుతుంది, సంచిలో. మనం ఏడ్చే ముఖం ఎవరికీ చూపించక్కర్లేదు!

ఇంత సుఖంలో ఓర్వల్ ఒక్కడే కాస్త చెడగొట్టాడు.

ఓర్వల్ మా ఇంటి వెనక కొండ మీద ఒంటరిగా ఉంటాడు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. భార్య పోయింది. కోళ్లున్నాయి, ఒక ముసలి గాడిద ఉంది. వంగిన మేకు కనిపిస్తే జేబులో వేసుకుని, ఇంటికెళ్లి సాపు చేసి డబ్బాలో దాచుకునే మనిషి. అలాంటివాడు కూడా లోయెల్ మాటలకి పడిపోయి పదిహేడు తూటాల పిస్టల్ కొన్నాడు. కొన్నాక గేటుకి బోర్డు కూడా కొట్టాడు, సాపు చేసిన మేకులతోనే.

జింకల వేటకి ఇంకో వారం ఉందనగా ఒక శనివారం, నేనూ గ్లెన్ నా ట్రక్ వెనకతలుపు దించి దాని మీద కూర్చున్నాం. మధ్యాహ్నం భోజనమైంది. కొండ మీద నుంచి చప్పుడొచ్చింది. ఒకటి. కాస్త ఆగి, ఇంకోటి. కాస్త ఆగి, ఇంకోటి.

"ఓర్వల్‌గాడు కొత్తది పరీక్షిస్తున్నాడు," అన్నాడు గ్లెన్.

"మోత బాగుంది."

"బాగుండదా మరి! అది ఇటలీది. ఎట్టా మోగుతోందో విను, మెత్తగా."

మళ్లీ మూడు వినిపించాయి, అలాగే ఆగి ఆగి.

"గురి చూసి కొడుతున్నాడు. తొందరపడట్లేదు," అన్నాను.

"తొందరెందుకు? పదిహేడున్నాయిగా!"

మళ్లీ మూడు. గ్లెన్ కళ్లు మూసుకుని వింటున్నాడు, చర్చిలో పాట విన్నట్టు. ట్రిగ్గర్ ఎంత దూరం వెనక్కి వస్తుందో ఆ చప్పుడును బట్టి చెప్పగలనన్నాడు. చెప్పాడు కూడా. మళ్లీ మూడు. నేను దాదాపు తేల్చేసుకున్నాను, ఇటలీదే కొనాలని. ఆఖర్న మూడు, ఆ తర్వాత రెండు. తర్వాత ఏమీ లేదు.

"అయిపోయాయి. ఇక నింపుకుంటాడు. చివరి రెండూ ఎక్కించేసరికి బొటనవేలు వాచిపోతుంది పాపం," అన్నాడు గ్లెన్.

చాలాసేపు ఎదురుచూశాం. నింపుకున్న జాడ లేదు. కొండ మీద గాడిద ఓండ్రపెట్టడం మొదలెట్టింది.

వానెటా వంటింట్లోంచి వచ్చింది. చేతులకి పిండి ఉంది. "ఏమయ్యా, ఇందాకటి నుంచీ కాలుస్తోంది ఓర్వలేనా?"

"వాడే. కొత్త పిస్టల్."

"వంగిన మేకు పారెయ్యలేని మనిషి అన్ని తూటాలు ఊరికే తగలేస్తాడా?"

గ్లెన్ ట్రక్ మీద నుంచి దిగి కొండ వైపు చూశాడు.

"మూడేసి కాల్చాడు కదూ?" అంది.

అవును. మూడేసే కాల్చాడు. మా కొండల్లో పుట్టిన ఎవరికైనా అది తెలుసు. అడవిలో దెబ్బ తగిలినా దారి తప్పినా ఆగి ఆగి మూడుసార్లు కాల్చాలి. విన్నవాడు పాలు పిండుతున్నా సరే, ఆవునీ చెంబునీ వదిలి పరిగెత్తాలి. బళ్లో ఎవరూ చెప్పలేదు మాకు, కానీ అందరికీ వచ్చు. ఇంట్లో నాలుగు తూటాలుంటే గొప్పగా చెప్పుకునే కాలంలో, మూడు ఎవరైనా ఆకాశంలోకి కాల్చారంటే అక్కడ ప్రాణం మీదికొచ్చిందని అర్థం. ఇప్పుడు అందరి నడుముకీ పదిహేడున్నాయి. ఎవరు లెక్కపెడతారు?

ట్రక్‌లో వెళ్లాం. ఓర్వల్ గేటు దగ్గర ఆపాను. మర్యాద ప్రకారం హారన్ కొట్టాను. బోర్డు మీద పిస్టల్ బొమ్మ మా వైపే చూస్తోంది. ఎవరూ రాలేదు. మళ్లీ కొట్టాను.

"లేడేమో," అన్నాడు గ్లెన్.

వానెటా మా ఇద్దరి వంకా చూసింది. నలభై ఏళ్లుగా ఆ చూపు నాకు తెలుసు. తలుపు తీసుకుని దిగి, గేటు తోసుకుని, పిండి చేతులు పైకెత్తి నడుచుకుంటూ వెళ్లింది. "ఓర్వల్! నేను, వానెటాని! కాల్చకు!" అని అరుస్తూ.

కట్టెల దొంతి వెనకనుంచి గొంతు వినిపించింది. "కాల్చడానికి ఏం మిగిల్చార్రా మీరు!"

చూరు కాలవలో ఆకులు తీస్తూ నిచ్చెన మీద నుంచి పడ్డాడు. తుంటి విరిగింది. ఫోను వంటింట్లో ఉంది. పిస్టల్ నడుముకుంది. మంచు కురవడానికి కాస్త ముందు మేం వెళ్లాం. పక్కన ఖాళీ తూటాలన్నీ ఏరి ఒక కుప్ప పోసి పెట్టాడు, చేతికందినంత వరకూ. ఇత్తడి కదా, పారేస్తాడా?

"హారన్ విన్నాను. రెండుసార్లూ విన్నాను. ఇంకోసారి కొట్టి వెళ్లిపోతారనుకున్నాన్రా," అన్నాడు నాతో.

నా కోటు తీసి వాడి మీద కప్పాను.

అంబులెన్స్ వచ్చింది. అది కూడా గేటు దగ్గర ఆగి హారన్ కొట్టింది. ఇంట్లో ఆయుధాలున్నాయా అని కిటికీలోంచి అడిగారు. ఉన్నాయి, కానీ ఖాళీగా ఉన్నాయని గ్లెన్ అరిచాడు. అప్పుడు లోపలికొచ్చారు. పద్ధతంటే పద్ధతే!

ఓర్వల్ ఇప్పుడు జిల్లా ఊళ్లో ఆసుపత్రిలో ఉన్నాడు. ఎముకకి మేకు వేశారు. కొత్త మేకు. అది చూసి నాలుగు రోజులు గొణుక్కున్నాడు. వసంతానికి నడుస్తాడట. అయితే డాక్టరు ఒక మాటన్నాడు. పడితే వచ్చి లేపేవాళ్లు దగ్గర్లో ఉంటేనే కొండ మీది ఇంటికి పంపిస్తాడట. లేకపోతే వృద్ధాశ్రమమే. అక్కడ కోళ్లకీ గాడిదకీ చోటుండదు.

మేం చూడ్డానికి వెళ్లిన రోజే నర్సమ్మ అడిగింది. "తాతా, మీ ఇంటి పక్కన ఎవరైనా ఉన్నారా?"

ఓర్వల్ నా వంక చూశాడు. గ్లెన్ వంక చూశాడు.

"లేకేమమ్మా, బోలెడంతమంది ఉన్నారు. అందరి దగ్గరా మంచి మంచి పిస్టళ్లున్నాయి," అన్నాడు.

గ్లెన్ టోపీ తీసి చేతిలో పట్టుకుని తిప్పడం మొదలెట్టాడు. ట్రిగ్గర్ల మీద ఒక్క మాట కూడా మాట్లాడలేదు ఆ రోజు.

తిరిగొచ్చేటప్పుడు లోయెల్ కొట్టు దగ్గర ఆగాను. ఎంచుకోవడం ఇంకా పూర్తికాలేదు కదా!

"పెద్దాయనా, మీకోసమే ఆపాను. కొత్తది. పద్దెనిమిది పడతాయి!" అన్నాడు.

"ఆ ఒక్కటీ ఎందుకు?"

"ఏమో, అవసరం పడొచ్చు."

నిజమే. ఇప్పుడు నాకు తెలిసింది. కాబట్టి పిస్టల్ కొనబోయేవాళ్లందరికీ అనుభవం మీద చెబుతున్నాను, వినండి. రెండు వరసలదే కొనండి. ఒక్క వరసది చాలదు. మొదటి మూడు తూటాలు సాయం కోసం. మిగతావన్నీ, ఎవరూ రారని నమ్మకం కుదిరేదాకా.

నేనైతే ఇంకా ఏదీ కొనలేదు. తేల్చుకునేలోపు చేతులు ఊరికే ఉండలేక, గేటు మీది బోర్డు పీకేశాను. పీకేటప్పుడు మేకులు వంగాయి. సాపు చేసి డబ్బాలో వేశాను, ఓర్వల్ వస్తే ఇద్దామని. మా కొండ వైపు మీరెప్పుడైనా వస్తే హారన్ కొట్టకండి. తిన్నగా వచ్చి తలుపు తట్టండి. కాఫీ పొయ్యి మీదే ఉంటుంది, మీరే పోసుకోవచ్చు.

అంత ధైర్యం లేదంటారా? అయితే లోయెల్ దగ్గర ఆ పద్దెనిమిదిది ఇంకా అలాగే ఉంది.