పులి కడుపు కింద పేరు

"బొమ్మ కింద చెక్కినవాడి పేరే ఉంటుంది. మా నాన్న అలాగే రాసుకున్నాడు, మా తాతా అలాగే రాసుకున్నాడు," అన్నాడు ఫిదెన్సియో, వేడి చాక్లెట్‌లో రొట్టె ముంచుతూ.

"మీ తాత పులికి రంగు కూడా ఆయనే వేసుకున్నాడా?" అంది అతని భార్య నెరెయిదా.

తెల్లవారినప్పటి నుంచీ ఇదే గొడవ. బల్ల మీద రెక్కల పులి వెల్లకిలా పడుకుని పేరు కోసం ఎదురుచూస్తోంది. చెక్కడం ఫిదెన్సియో పని. ఒళ్ళంతా ఆవగింజల్లాంటి చుక్కలు పెట్టి దానికి ప్రాణం పోయడం నెరెయిదా పని. ఆ ఊళ్ళో సంతకం మాత్రం మగవాళ్ళది. పెళ్ళయినప్పటి నుంచీ చుక్కలు పెడుతున్న నెరెయిదాకు ఈ ఒక్క పులి కిందయినా తన పేరు చూసుకోవాలని ఉంది.

వాదనలో ఫిదెన్సియో ఒక సంగతి దాచాడు. ఈ బొమ్మలు చెక్కే మెత్తటి కొపాల్ కర్రలో పురుగు చావాలంటే చెక్కిన బొమ్మను వారమైనా ఫ్రీజర్‌లో ఉంచాలి. చనిపోయినవాళ్ళు ఏటా ఇంటికొచ్చి భోంచేసే పండగ దగ్గర పడింది, టర్కీ కోడికి చోటు కావాలని తల్లి యుఫ్రోసినా సాధించడంతో పులిని ముందే బయటికి తీసేశాడు.

గొడవ తేలకముందే వాకిట్లో వ్యాన్ ఆగింది. పులికి ఆర్డరిచ్చిన లుదివినా రాజధాని నుంచి వచ్చింది. వెంట వ్యాను నిండా బొమ్మలు కొనే జనం. చనిపోయినవాళ్ళకు రంగురంగుల జంతువులు దారి చూపించే యానిమేషన్ సినిమా ఒకటి వచ్చినప్పటి నుంచి, అలమరలో కూర్చునే బొమ్మలకు కొత్త ఉద్యోగం దొరికింది.

"మా ఆయన బతికున్నప్పుడే దారి తెలిసేది కాదు. పండక్కి ఒక్కడూ ఎలా వస్తాడు? తోడుండాలి," అంది లుదివినా.

"మా ఆయన ఏటా ఏ పులీ లేకుండానే వచ్చి తినిపోతున్నాడు," అని గొణిగింది యుఫ్రోసినా.

లుదివినా పులిని చేతిలోకి తీసుకుంది. లోపల కర్.. కర్.. మంది.

"ఏమిటిది?"

ఫిదెన్సియో గొంతులో రొట్టె అడ్డం పడింది. "పిలుస్తోందమ్మా," అన్నాడు.

"ఎవర్ని?"

"మీ ఆయన్నే."

లుదివినా పులిని చెవికి ఆనించుకుంది. కళ్ళు తుడుచుకుంది. "ఆయనే. నిద్రలో పళ్ళు ఇలాగే కొరికేవాడు."

అంతే, వ్యాను మొత్తం లోపలికొచ్చింది. ఒకావిడకు తల్లి మందలింపు వినబడింది. ఒకాయనకు మామగారు దగ్గినట్టనిపించి పులిని చటుక్కున పక్కవాడికిచ్చేశాడు. ఇరుగుపొరుగు గోడలెక్కి చూస్తున్నారు. నెరెయిదా మాత్రం మొగుడి మొహం కేసే చూస్తోంది.

ఈ సందడికి ఆమె అన్న కుత్బెర్తో వచ్చాడు. అతనూ బొమ్మలు చెక్కేవాడే. పులిని చెవి దగ్గర పెట్టుకుని నవ్వాడు. "పురుగు, బావా. బాగా బలిసిన పురుగు. ఏ దద్దమ్మ చేశాడు దీన్ని?"

లుదివినా పులిని తిరగేసి చూసింది. కడుపు కింద ఖాళీ.

"అవును, ఎవరు చేశారు?"

పురుగు పట్టిన బొమ్మ అమ్మాడంటే ఆ ఊళ్ళో తలెత్తుకోలేడు. ఫిదెన్సియో భార్య వైపు చెయ్యి చూపించాడు. "నెరెయిదా," అన్నాడు. "బొమ్మ పూర్తిగా ఆవిడదే. ఈ ఇంట్లో బొమ్మలన్నీ ఆవిడవే."

నెరెయిదా సన్న కుంచె తీసుకుని, అందరూ చూస్తుండగా, కడుపు కింద తన పేరు తీరిగ్గా రాసింది.

"పురుగైతేనేం, మా ఆయనలాగే ఉంది," అంటూ లుదివినా పులిని గుండెకు హత్తుకుంది. "ఇంకెవరి చేతి బొమ్మా ఇలా పలకలేదమ్మా." వ్యాను జనమంతా నెరెయిదా చుట్టూ మూగారు. తమకూ ఆవిడ చేతి బొమ్మే కావాలట.

"అసలు చెక్కిందీ, కర్ర తెచ్చిందీ నేనే," అన్నాడు ఫిదెన్సియో వెనక నుంచి.

"పక్కకు జరగవయ్యా, ఆవిడతో మాట్లాడుతున్నాం," అన్నాడు మామగారి దగ్గు విన్నాయన.

మధ్యాహ్నం అత్త, అన్న, మొగుడు అందరూ బల్ల చుట్టూ కూర్చున్నాక నెరెయిదా చిక్కుడు గింజలు వడ్డిస్తూ, గొంతు పెంచకుండా అంది: "ఇకమీదట ఈ ఇంటి బొమ్మల కింద నా పేరుంటుంది. వాకిట్లో నువ్వే చెప్పావుగా."

ఫిదెన్సియో రొట్టె తుంచాడు. "పులి కడుపు కింద అంత పొడుగు పేరు పట్టదేమో," అన్నాడు.

మర్నాటి నుంచి అతను కాస్త లావు పులులను చెక్కడం మొదలుపెట్టాడు.